దీపావళి మర్నాడు డెడ్‌లైన్: మా అమ్మాయి కాలేజీ అప్లికేషన్ల ఏడాది

మా ఫ్రిజ్ పక్క గోడకి ఇండియన్ గ్రోసరీ షాపు వాళ్లిచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంటుంది. ఏడాది మారగానే పాతది తీసి పారేస్తాను. 2024ది మాత్రం ఇంకా పారెయ్యలేదు, వంటింటి అలమరలో చుట్టి పెట్టాను. దాంట్లో ఏకాదశులూ వర్జ్యాలూ ఉండాల్సిన చోట ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీసిన సున్నాలున్నాయి. మే 4, ఆగస్టు 24, అక్టోబరు 12, నవంబరు 1. మా పెద్దమ్మాయి కాలేజీ అప్లికేషన్ల ఏడాది అది.

మేముండేది టెక్సస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. మావారిది తెనాలి, నాది ఒంగోలు. ఇద్దరం ఎంసెట్ రాసి ఇంజినీరింగ్ చేసినవాళ్లమే. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఆ ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుందో తెలిసిన లెక్క. అలాంటి మాకు, ఇక్కడ పరీక్ష రాయాలా వద్దా అన్నది కూడా పిల్లలే తేల్చుకోవాలి అంటే తల తిరిగింది.

2023 చివర్లో అమ్మాయి పదకొండో తరగతిలో ఉంది. అక్టోబరులో బడిలో రాసిన పీశాట్‌లో, అంటే కాలేజీ సీట్ల కోసం రాసే శాట్ పరీక్షకి ముందు రాసే నమూనా పరీక్షలో, 1320 వచ్చింది. "అమ్మా, శాట్ రాయకపోతే ఏమవుతుంది?" అంది. నేను అడిగిన నలుగురూ ఏమీ కాదన్నారు. కోవిడ్‌లో పరీక్షా కేంద్రాలు మూతపడ్డాక కాలేజీలన్నీ స్కోరు అక్కర్లేదన్నాయి, టెస్ట్ ఆప్షనల్ అన్నాయి, ఇంక వెనక్కి వెళ్లరన్నారు. మావారొక్కరే "పరీక్ష లేకుండా సీటేమిటే, ఎక్కడో తిరకాసుంటుంది" అన్నారు. ఆయనది ఎంసెట్ మనస్తత్వం అని నేనే కొట్టిపారేశాను. ఈ కథలో తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నాను.

డిసెంబరు 2న కాగితం మీద జరిగే ఆఖరి శాట్. వదిలేశాం. మార్చి 9న అమెరికాలో లాప్‌టాప్ మీద జరిగే మొదటి డిజిటల్ శాట్. "కొత్త పద్ధతికి మొదటి బ్యాచ్‌గా మనమెందుకు" అని అదీ వదిలేశాం.

ఈలోగా ఒక్కొక్క కాలేజీ మాట మార్చడం మొదలుపెట్టింది. ఎంఐటీ 2022లోనే స్కోరు తప్పనిసరి చేసింది, అది ఎంఐటీ కాబట్టి అనుకున్నాం. 2024 ఫిబ్రవరి మొదటి వారంలో డార్ట్‌మత్, అదే నెలలో యేల్, మార్చి మొదట్లో బ్రౌన్. అవేవీ మా లిస్టులో లేవు కాబట్టి పేపర్లో చదివి పక్కన పెట్టాం. మార్చి 11 సోమవారం మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా మావారి మెసేజ్ వచ్చింది: "యూటీ కూడా." యూటీ ఆస్టిన్, అంటే ఆస్టిన్‌లో ఉన్న టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీ, మాకు పెరటి చెట్టు. ఫాల్ 2025లో చేరేవాళ్లందరికీ శాట్ గానీ, అలాంటిదే ఇంకో పరీక్ష ఏసీటీ గానీ ఉండాల్సిందే. మార్చి పరీక్ష అయిపోయి అప్పటికి సరిగ్గా రెండు రోజులు.

ఆ ప్రకటనలో యూటీ కొన్ని అంకెలు ఇచ్చింది. నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసినవి అవే. తమ స్కోరు చూడమన్న పిల్లల మీడియన్ (నడిమి) స్కోరు 1420, చూడొద్దన్న పిల్లలది 1160. అంటే స్కోరు ఇవ్వనివాళ్లు చాలామంది పరీక్ష రాయనివాళ్లు కాదు, రాసి దాచుకున్నవాళ్లు. అప్లికేషన్లు చదివే మనిషి స్థానంలో నన్ను నేను పెట్టుకున్నాను. ఫ్రిస్కోలో పెద్ద బడి, తల్లిదండ్రులిద్దరూ ఐటీ, పదకొండో తరగతికే కాల్క్యులస్. స్కోరు గడి ఖాళీ. ఏమనుకుంటాను? డార్ట్‌మత్ వాళ్లు చేయించుకున్న అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది: పేద ఇళ్ల పిల్లలు కొందరు, పంపి ఉంటే తమకి పనికొచ్చే స్కోర్లని కూడా తక్కువనుకుని దాచేసుకున్నారట. ఆప్షనల్ అన్న మాటకి ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. మా ఇంట్లో మాత్రం దానికి అర్థం "రాయి" అనే. అది నాకు ఆరు నెలలు ఆలస్యంగా వెలిగింది.

ఫ్రీమాంట్‌లో ఉండే మా పిన్ని కూతురికి ఈ గొడవే లేదు. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు స్కోరు ఇచ్చినా అడ్మిషన్‌కి చూడవు. "నువ్వు పంపినా కళ్లు మూసుకుంటారక్కా" అంది నవ్వుతూ. అదే దేశం, నాలుగు గంటల విమాన ప్రయాణం, లోకం వేరు.

మే 4 పరీక్షకి రిజిస్టర్ చేయబోతే మా చుట్టుపక్కల కేంద్రాలన్నీ నిండిపోయాయి. దొరికింది 45 మైళ్ల అవతల, ఓక్లహోమా సరిహద్దు వైపు ఒక చిన్న ఊరి హైస్కూలు. తెల్లవారుజామున ఐదింటికి లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. లాప్‌టాప్, చార్జర్, ఐడీ కార్డు, అడ్మిషన్ టికెట్ అన్నీ రెండుసార్లు చూసుకున్నాం. అమ్మాయి దారంతా నిద్రపోయింది. బడి ముందు పార్కింగ్‌లో సగం కార్లు మన ఊళ్ల వైపు నుంచి వచ్చినవే. ఒక కారులో ఎవరో పెద్దాయన విష్ణు సహస్రనామం పెట్టుకుని కూర్చున్నారు.

పరీక్ష సమయం రెండు గంటల పద్నాలుగు నిమిషాలు, మధ్యలో పది నిమిషాలు విరామం. బయటికొచ్చి కారెక్కుతూనే "అమ్మా, రెండో మ్యాథ్ మాడ్యూల్ చాలా కష్టంగా వచ్చింది" అంది. నాకు గుండె జారిపోయింది. ఫోన్లో మావారేమో "కష్టంగా వచ్చిందా, సెబాస్" అన్నారు. ఈ కొత్త పరీక్షలో ఒక్కో భాగానికి రెండు మాడ్యూళ్లు. మొదటిదాంట్లో బాగా చేస్తేనే రెండోది కష్టమైనది తెరుచుకుంటుంది. తేలికగా వచ్చిందంటే స్కోరు అక్కడే ఆగిపోయిందన్నమాట. పేపరు కష్టంగా వచ్చిందని మా ఇంట్లో సంతోషపడటం అదే మొదటిసారి. పులిహోర మొత్తం కారులోనే అయిపోయింది.

రెండు వారాలకి స్కోరు వచ్చింది. 1410. మ్యాథ్ 750, రీడింగ్ అండ్ రైటింగ్ 660. ఇంతలో ఏపీ పరీక్షలు (హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి రాసేవి) మే 6 నుంచే మొదలు. శనివారం శాట్ రాసి సోమవారం నుంచి ఏపీలు రాసిన పిల్ల మొహం చూస్తే జూన్ 1 పరీక్షకి మళ్లీ కూర్చోమనడానికి నోరు రాలేదు. ఆగస్టు 24కి కట్టాం. ఫీజు 68 డాలర్లు.

ఒక ఆదివారం ఇంట్లోనే ఏసీటీ నమూనా పేపరు కూడా రాయించి చూశాం, కొంతమంది పిల్లలకి అది బాగా నప్పుతుందంటారు కదా అని. అప్పట్లో సైన్స్ భాగం తప్పనిసరి. ప్రశ్నలు తేలికే గానీ గడియారం తరుముతుంది. సగం పేపర్లోనే "నాకొద్దిది" అని లేచిపోయింది. అంతే, ఏసీటీ అధ్యాయం ముగిసింది.

ఆ వేసవి గురించి కొంచెం చెప్పాలి. మావారు కోచింగ్ అన్నారు. అమ్మాయి వద్దంది. శాట్ వాళ్ల బ్లూబుక్ యాప్‌లో ఉచితంగా ఉన్న పూర్తి పరీక్షలు, ఖాన్ అకాడమీ పాఠాలు, ఒక పాత నోటుబుక్కు. ఆ నోటుబుక్కులో తప్పు చేసిన ప్రతి ప్రశ్నకీ ఒక వరుస రాసేది, ఎందుకు తప్పిందో. జులై చివర ఒకరోజు ఆ పుస్తకం నాకు చూపించింది. రీడింగ్‌లో తన తప్పుల్లో సగానికి సగం రెండే రకాలు: రెండు వాక్యాల మధ్య ఏ అనుసంధాన పదం రావాలన్నది ఒకటి, సెమీకోలన్ ఎక్కడ పెట్టాలన్నది రెండోది. పుస్తకాలు తెగ చదివే పిల్ల, కామా దగ్గర బోల్తా పడుతోంది! ఈ రెండింటి మీద పది రోజులు కూర్చుంది. మ్యాథ్‌లో అయితే పరీక్షలోనే ఇచ్చే డెస్మోస్ గ్రాఫింగ్ కాల్క్యులేటర్‌ని మచ్చిక చేసుకుంది. సమీకరణం కొడితే గీత ఎక్కడ కోస్తుందో కనిపిస్తుంది. మావారు అది చూసి "ఇది మోసం కాదా?" అని నిజంగానే అడిగారు. లాగ్ టేబుల్ పుస్తకాలతో పరీక్షలు రాసిన మనిషి మరి.

ఆగస్టులో 1500 వచ్చింది. మ్యాథ్ 780, రెండోది 720.

ఇక్కడ మా ఇంట్లో పెద్ద గొడవ అయింది. మావారు అక్టోబరు 5న మళ్లీ రాయమన్నారు. "1550 దాటితే తిరుగుండదు." అమ్మాయి ఒప్పుకోలేదు. యూటీ ఆ ఏడాదే ఎర్లీ యాక్షన్ (ముందే అప్లికేషన్ పంపే విడత) మొదలుపెట్టింది, దానికి గడువు అక్టోబరు 15. అక్టోబరు పరీక్ష స్కోరు వచ్చేసరికి ఆ తేదీ దాటిపోతుంది. "నాన్నా, ఆ యాభై పాయింట్ల కోసం సెప్టెంబరంతా పోతే నా ఎస్సేలు ఎవరు రాస్తారు?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. నేను ఆ రాత్రి మా లిస్టులోని కాలేజీల కామన్ డేటా సెట్లు తీశాను. చాలా కాలేజీలు తమ సైట్లో పెట్టే పత్రం అది. సీ9 అన్న చోట చేరిన పిల్లల స్కోర్లు 25వ శాతం దగ్గర ఎంత, 75వ శాతం దగ్గర ఎంత, అసలు ఎంతమంది పంపారు అన్నీ ఉంటాయి. సలహాలిచ్చే పదిమందికన్నా ఆ ఒక్క పేజీ నయం. ప్రభుత్వ కాలేజీల్లో 1500 హాయిగా నిలబడుతోంది. మరీ పెద్ద ప్రైవేటు కాలేజీల్లో కింది అంచు దగ్గర ఉంది. అంచు మీద ఉన్నదాన్ని ఇంకో యాభై పైకి లాగినా సీటు ఖాయమేమీ కాదు. అక్టోబరు పరీక్ష వద్దనుకున్నాం. సరైన నిర్ణయమని ఇప్పటికీ అనుకుంటాను.

టెక్సస్ సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క. ఇక్కడ 1997 నుంచి ఒక చట్టం ఉంది. బడిలో పై 10 శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు దానంతటదే వస్తుంది. యూటీ ఆస్టిన్‌కి మాత్రం మినహాయింపు, మా ఏడాదికి అది పై 6 శాతం. మా అమ్మాయి ర్యాంకు తొమ్మిదో శాతం దగ్గర. ఇంకో ఊళ్లో ఇవే మార్కులకి మూడో శాతంలో ఉండేదేమో, ఫ్రిస్కోలో తరగతికి ఆరువందల మంది, అందులో సగం మన ఇళ్ల పిల్లల్లాంటివాళ్లే. కాబట్టి టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో సీటు ఖాయం, యూటీలో పోటీ. పైగా ఖాయమైన సీటు కూడా కోరిన బ్రాంచిలో అని కాదు. కంప్యూటర్ సైన్స్ అడిగితే అందరితో పాటు వరుసలో నిలబడాల్సిందే.

యూటీ గడువు అక్టోబరు 15 మంగళవారం. మా అత్తగారు తెనాలి నుంచి వీడియో కాల్లో "మంగళవారం పూట పంపుతారా? మూడింటినుంచి రాహుకాలం కూడానూ" అన్నారు. అమ్మాయి నవ్వింది గానీ మూడు రోజులు ముందు, 12న, విజయదశమి రోజు పంపేసింది. నాయనమ్మ మాట వల్ల కాదు, చివరిరోజు సైటు నెమ్మదిస్తుందని భయం. నాయనమ్మకి ఆ విషయం మేం చెప్పలేదు.

అసలు చిక్కు నవంబరు 1 దగ్గర వచ్చింది. జులైలో హ్యూస్టన్ వెళ్లినప్పుడు రైస్ యూనివర్సిటీ చూశాం. పెద్ద పెద్ద ఓక్ చెట్ల నీడ, చిన్న క్యాంపస్, అక్కడి విద్యార్థి ఒకతను ఎండలో వెనక్కి నడుస్తూ గంటసేపు చూపించాడు. అమ్మాయికి మనసు పడిపోయింది. మావారి ఆఫీసు స్నేహితుడు చెప్పిన ఒక కన్సల్టెంట్‌ని కలిశాం, మొదటి సిట్టింగ్ ఉచితం కాబట్టి. ఆయన మా అమ్మాయి ఫైలు ఐదు నిమిషాలు కూడా చూడలేదు. "ఎర్లీ డెసిషన్ వేయండి. వేయకపోతే మీ చాన్స్ మీరే పోగొట్టుకుంటున్నట్టు" అన్నారు. తర్వాత తన ప్యాకేజీ ధర చెప్పారు. అది విని బయటికొచ్చి కారులో ఇద్దరం ఒక నిమిషం మాట్లాడుకోలేదు.

ఎర్లీ యాక్షన్‌కీ ఎర్లీ డెసిషన్‌కీ పేరులో ఉన్నంత దగ్గరితనం లేదు. యాక్షన్ అంటే ముందు పంపి ముందు తెలుసుకోవడం, వస్తే మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. డెసిషన్ అంటే తాంబూలాలు మార్చుకున్నట్టే. ఒక్క కాలేజీకే వేయాలి, వస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకుని చేరాలి. ఒప్పంద పత్రం మీద పిల్ల, తల్లిదండ్రుల్లో ఒకరు, బడి కౌన్సిలర్, ముగ్గురి సంతకాలు. ఆ విడతలో సీట్ల శాతం మామూలు విడతకన్నా చాలాచోట్ల బాగా ఎక్కువ, నిజమే. డేటా సెట్లో సీ21 దగ్గర ఆ లెక్కా ఉంటుంది. కానీ ఆ శాతంలో ముందే కోచ్‌లు ఎంచుకున్న క్రీడాకారులు కూడా కలిసి ఉంటారు. అది తీసేస్తే మామూలు పిల్లకి మిగిలే లాభం ఎంతో ఆ పట్టికలో ఉండదు.

అందుకని శాతం పక్కనపెట్టి ధర చూశాను. ప్రతి కాలేజీ సైట్లోనూ నెట్ ప్రైస్ కాల్క్యులేటర్ అని ఉంటుంది. ఆదాయం, పొదుపు, ఇంట్లో ఎంతమంది, అన్నీ నింపితే మనం కట్టాల్సింది సుమారుగా చెబుతుంది. రైస్‌లో అప్పట్లో 2 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న ఇళ్లకి ఫీజులో సగమో పూర్తిగానో మాఫీ చేసే మంచి పథకం ఉండేది. మేమిద్దరం పనిచేస్తాం కాబట్టి ఆ గీత దాటేశాం. మాకు వచ్చిన అంకె దాదాపు పూర్తి ధర, ఏడాదికి 80 వేల డాలర్ల పైన. నాలుగేళ్లకి 3 లక్షల 20 వేల పైనే. యూటీలో రాష్ట్రం పిల్లలకి అన్నీ కలిపి ఏడాదికి 30 వేల చుట్టూ. వెనకాలే రెండేళ్లలో అబ్బాయి.

ఆర్థిక సాయం చాలకపోతే ఎర్లీ డెసిషన్ నుంచి బయటికి రావచ్చు కదా అని ఒక వదిన అన్నారు. రావచ్చు. కానీ ధర ముందే తెలిసి సంతకం పెట్టి, తర్వాత చాలలేదనడం నాకు నచ్చలేదు.

ఆ వదిన వాళ్ల కష్టం మా కంటే పెద్దది. వాళ్లబ్బాయి ఇక్కడే ఒకటో తరగతి నుంచి చదివాడు, కానీ ఇండియాలో పుట్టాడు. గ్రీన్ కార్డు వరుసలో ఉన్నారు, వాడింకా హెచ్4 వీసా మీదే. ఫెడరల్ సాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు వాడికి వర్తించదు. చాలా ప్రైవేటు కాలేజీలు వాణ్ని విదేశీ విద్యార్థుల లెక్కలో చూస్తాయి. మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎర్లీ డెసిషన్ గురించి వచ్చే సలహాలేవీ వాడికి పనికిరావు.

అక్టోబరు 31 గురువారం. దీపావళీ హాలోవీనూ ఒకే రోజు పడ్డాయి. గుమ్మం ముందు ప్రమిదలు వెలిగించాం, వాటిని దాటుకుంటూ మంత్రగత్తెలూ స్పైడర్‌మేన్‌లూ వచ్చి చాక్లెట్లు తీసుకెళ్తున్నారు. అబ్బాయి తలుపు దగ్గర కాపలా. వంటింటి బల్ల మీద అమ్మాయి లాప్‌టాప్‌లో రైస్ అప్లికేషన్ తెరిచి ఉంది, ఎస్సేలన్నీ అయిపోయాయి, మిగిలింది ఎర్లీ డెసిషన్ గడి ఒక్కటే. మావారు కాల్క్యులేటర్ కాగితం ప్రింట్ తీసి పక్కన పెట్టారు. మేం వద్దనలేదు. నిజం చెప్పాలంటే వద్దనే ధైర్యం లేదు.

తను చాలాసేపు కాగితం చూసింది. "నేను సంతకం పెట్టి సీటొస్తే, మిగతావాళ్లు ఎంతకిస్తారో చూడటానిక్కూడా ఉండదు కదా నాన్నా?"

"ఉండదు తల్లీ."

గడి మామూలు విడతకి మార్చి సేవ్ చేసింది. తర్వాత ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీకి ఎర్లీ యాక్షన్ పంపింది, ఇల్లినాయి యూనివర్సిటీకి కూడా. అవి అయ్యేసరికి పదకొండున్నర. ప్రమిదలు కొండెక్కాయి. చాక్లెట్ల గిన్నెలో మాకెవరికీ ఇష్టం లేనివి నాలుగు మిగిలాయి.

డిసెంబరు మధ్యలో ఎర్లీ డెసిషన్ ఫలితాలు. ఆ వారం వాట్సాప్ తెరవబుద్ధి కాలేదు. తన స్నేహితురాళ్లు ఇద్దరికి వచ్చాయి. వాళ్లు జనవరి అప్లికేషన్లు వదిలేసి సినిమాలకెళ్తుంటే మాది బల్ల దగ్గరే కూర్చుని రాసింది. నేను తప్పు చేయించానా అని ఆ పది రోజులు నిద్ర పట్టలేదు. వేసి ఉంటే వచ్చేదేమో, ఎవరికి తెలుసు.

జనవరి మధ్యలో పర్డ్యూ కంప్యూటర్ సైన్స్ వచ్చింది. అదే వారం యూటీ నిర్ణయాన్ని ఫిబ్రవరికి వాయిదా వేసింది, మాలాంటి వాళ్లని చాలామందినే. ఫిబ్రవరిలో కంప్యూటర్ సైన్స్ కాదు, రెండో కోరికగా పెట్టిన మ్యాథ్ ఇచ్చారు. ఇల్లినాయి రాలేదు. మార్చి చివర రైస్ వెయిట్‌లిస్ట్. తను గదిలోకెళ్లి తలుపేసుకుంది, రాత్రి భోజనానికి వచ్చింది.

ఏప్రిల్ అంతా రెండు కాగితాలు పక్కపక్కన. యూటీ మ్యాథ్ 30 వేలు, పర్డ్యూ కంప్యూటర్ సైన్స్ 40 వేల పైచిలుకు. పర్డ్యూ 2012 నుంచి ట్యూషన్ ఫీజు పెంచలేదు, అందుకే బయటి రాష్ట్రం వాళ్లకైనా ధర అక్కడే ఆగింది. పైగా వాళ్లు స్కోరు తప్పనిసరిగా అడిగే కాలేజీ. ఆగస్టు 24 లేకపోతే ఆ కాగితం మా బల్ల మీదే ఉండేది కాదు. మావారు ఇండియానా చలి గురించి వారం రోజులు సణిగారు. ఏప్రిల్ 27న పర్డ్యూకి డిపాజిట్ కట్టి, ఆయనే వెళ్లి కోటు కొనుక్కొచ్చారు, రెండు సైజులు పెద్దది.

ఇప్పుడు అబ్బాయి వంతు. వీడు పదకొండులో ఉన్నాడు. యూటీ తనంతట తానొచ్చే సీట్లని 2026 నుంచి పై 5 శాతానికి కుదించింది. యూపెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ) స్కోరు మళ్లీ తప్పనిసరి చేసింది, ప్రిన్‌స్టన్ వీడి తర్వాతి ఏడాది నుంచి అడుగుతానంది, కొలంబియా ఇప్పటికీ అక్కర్లేదంటోంది. వీడు ఆ జాబితా అంతా చదివి "అంటే నేను రాయక్కర్లేనివి కూడా ఉన్నాయన్నమాట" అన్నాడు. అక్క పర్డ్యూ ఉండే వెస్ట్ లఫాయెట్ నుంచి వీడియో కాల్లో "నోర్మూసుకుని మార్చిలో రాయరా" అంది. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే కట్టేశాను. కేంద్రం ఈసారి మా ఇంటికి ఆరు నిమిషాల దూరంలో దొరికింది. పులిహోర మాత్రం చేస్తాను.